తాగే వేళకు ముందు చదివే కార్డులు: రాబోయే రోజును ఊహించుకుని మందు తగ్గించే పద్ధతి

పొద్దు వాలేసరికి బెల్టు షాపు వైపు కాళ్లు లాగే మనిషికి "ఒళ్లు పాడైపోతుంది, పిల్లల మొహం చూడు" అని ఎన్నిసార్లు చెప్పినా ఆ మాట చెవిదాకా వెళ్తుంది గానీ కాళ్లదాకా దిగదు. పిల్లల మీద ప్రేమ లేకపోవడం వల్ల కాదిది. లివరు పాడవడం ఎప్పుడో పదేళ్లకు జరిగే సంగతి, క్వార్టర్ సీసా పది నిమిషాల దూరంలో ఉంది. దూరంగా ఉన్నదానికి మనసు విలువ తగ్గించి లెక్కేస్తుంది. ఈ గుణం అందరిలోనూ ఉన్నా, ఎక్కువగా తాగేవాళ్లలో మరింత బలంగా ఉంటుందని పరిశోధనల్లో పదే పదే తేలింది.

ఇక్కడ చెప్పే పద్ధతి ఆ లెక్కను కాసేపు మారుస్తుంది. ముందు ముందు జరగబోయే ఒక మంచి ఘటనను తేదీతో, చోటుతో, మనుషులతో, వాసనతో సహా ఊహించి ఒక కార్డు మీద రాసిపెట్టుకోవాలి. తాగాలా వద్దా అని మనసు తేల్చుకునే ఘడియకు కాస్త ముందు దాన్ని మళ్లీ కళ్లముందుకు తెచ్చుకోవాలి. ఇంతే. చెప్పడానికి రెండు వాక్యాలే గానీ, రాయడంలో తేడా వస్తే కాగితం ఖర్చు తప్ప ఏమీ మిగలదు.

2010లో జర్మనీలోని హాంబర్గ్‌లో యాన్ పీటర్స్, క్రిస్టియన్ బుషెల్ అనే పరిశోధకులు, రాబోయే సొంత ఘటనలను గుర్తుచేస్తే మనుషులు "ఇప్పుడే కొంచెం" కన్నా "ఆగితే ఎక్కువ" వైపు మొగ్గుతారని చూపించారు. 2016లో అమెరికాలోని వర్జీనియా టెక్‌లో శారా స్నైడర్, స్టీఫెన్ లాకాంట్, వారెన్ బికెల్ దీన్ని మద్యానికి బానిసలైనవాళ్లతో చేసి చూశారు. ముందు రోజులను ఊహించుకున్నవాళ్లు, ఈమధ్య జరిగినవాటిని తలచుకున్నవాళ్ల కన్నా, ఆగడానికి ఎక్కువగా ఒప్పుకున్నారు. "ఇంత ధరైతే ఎంత మందు కొంటారు" అని అడిగే ఊహాత్మక కొనుగోలు పరీక్షలో తక్కువ మందు కోరుకున్నారు. అంటే పని చేసేది ఊరికే ఏదో ఒకటి తలచుకోవడం వల్ల కాదు, ముందుకు చూడడం వల్ల. ఒక సంగతి మాత్రం దాచకూడదు. ఈ ప్రయోగాలు ఎక్కువగా ఆ పూట చేసే ఎంపికల గురించి చెబుతాయి. నెలల తరబడి తాగుడు తగ్గించడానికి ఇదొక్కటే చాలుతుందని ఎవరూ హామీ ఇవ్వలేరు. డాక్టరు, మందులు, కౌన్సెలింగ్ పక్కన పెట్టుకుని వాడే పనిముట్టు ఇది.

కార్డు ముట్టుకునే ముందు

రోజూ తాగేవాళ్లు ఒక్కసారిగా ఆపేస్తే ప్రాణం మీదికి రావచ్చు. పొద్దున్న లేవగానే చేతులు వణకడం, చెమటలు, కడుపులో తిప్పడం, ఒక గుటక పడితే గానీ కుదురుకోకపోవడం, ఇంతకుముందు ఎప్పుడైనా మానినప్పుడు ఫిట్స్ రావడం: వీటిలో ఏది ఉన్నా సొంతంగా మానే ప్రయత్నం చేయకూడదు. ఆపిన 6 నుంచి 48 గంటల్లోపు ఫిట్స్ రావచ్చు. రెండో రోజు నుంచి నాలుగో రోజు మధ్య మనిషి తిక్కతిక్కగా మాట్లాడటం, లేనివి కనిపించడం, జ్వరం మొదలైతే వెంటనే 108కి ఫోన్ చేయాలి. దీన్ని గాలి సోకిందనో, మందు మానిన మొండితనమనో సరిపెట్టుకునే ఇళ్లు మన వైపు ఇంకా ఉన్నాయి. ఆసుపత్రిలో దీనికి తగిన మందులు, థయమిన్ (బి1 విటమిన్) ఇంజెక్షన్లు ఉంటాయి. కాకినాడ ప్రభుత్వ ఆసుపత్రి (జీజీహెచ్)లో మానసిక వైద్య విభాగం ఉంది. దూరం అనుకుంటే ముందు మానసిక ఆరోగ్య హెల్ప్‌లైన్ 14416 టెలి మానస్‌కి గానీ, 14446 వ్యసన విముక్తి హెల్ప్‌లైన్‌కి గానీ ఫోన్ చేసి అడగవచ్చు.

ఏ స్థాయిలో ఉన్నారో తేల్చుకోవడానికి ప్రపంచ ఆరోగ్య సంస్థ తయారుచేసిన ఆడిట్ అనే పది ప్రశ్నల పరీక్ష ఉంది. మొత్తం 40 మార్కులు. 8 గానీ అంతకు మించి గానీ వస్తే తాగుడు హాని చేసే దారిలో ఉన్నట్టు, 20 గానీ అంతకు మించి గానీ వస్తే బానిసత్వం ఉందేమోనని అనుమానించి డాక్టరుకు చూపించాలి. ఈ కార్డుల పద్ధతి 8కీ 20కీ మధ్య ఉన్నవాళ్లకు నేరుగా పనికొస్తుంది. 20, ఆపైన వచ్చినవాళ్లు వైద్యం మొదలయ్యాక వాడాలి.

వారం రోజుల చీటీ

తాగే ప్రతిసారీ నాలుగు సంగతులు రాయండి: ఎన్ని గంటలకు, ఎక్కడ, ఎవరితో, ఎంత. ఎంత అన్నది "రెండు పెగ్గులు" అని రాస్తే లాభం లేదు, ఒక్కొక్కరి పెగ్గు ఒక్కో కొలత. మిల్లీలీటర్లలో రాయండి. విస్కీ, బ్రాందీ లాంటివాటిలో 30 మిల్లీలీటర్లకు దాదాపు 10 గ్రాముల ఆల్కహాల్ ఉంటుంది, దాన్ని ఒక యూనిట్ అంటారు. నైంటీ అంటే మూడు, క్వార్టర్ అంటే ఆరు. 650 మిల్లీలీటర్ల స్ట్రాంగ్ బీరు 8 శాతం ఉంటే ఒక్క సీసాలోనే నాలుగు యూనిట్లు. "బీరే కదా" అనేవాళ్లకు ఈ లెక్క ఒకసారి కాగితం మీద చూపిస్తే మంచిది. కల్లు బలం చెట్టును బట్టి, దించి ఎంతసేపైందన్నదాన్ని బట్టి మారుతుంది కాబట్టి ఎన్ని సీసాలో రాసుకుంటే చాలు.

చీటీలో అసలు వెతకాల్సింది వేళ. రోజుకూలీకి వెళ్లేవాళ్లకు డబ్బు చేతిలో పడ్డాక సాయంత్రం ఆరు, ఏడు. రొయ్యల చెరువు మీద రాత్రి కాపలా ఉండేవాళ్లకు ఏరేటర్లు వేసి కూర్చున్న తర్వాత. కొబ్బరి దింపు తీసేవాళ్లకు పని అయిపోయి కాళ్లూ చేతులూ కడుక్కున్నాక, చాలాసార్లు మధ్యాహ్నమే. సార్వా, దాళ్వా కోతల తర్వాత ధాన్యం డబ్బు వచ్చిన వారం. మందు కోసం బండి యానాం వైపు తిరిగే ఆదివారం. ఎవరి వేళ వాళ్లది. అది తెలిస్తే కార్డు ఎప్పుడు తీయాలో తెలుస్తుంది. వేళ తెలియకుండా కార్డులు రాసినవాళ్లు వాటిని సాధారణంగా పొద్దున్న పూజ దగ్గర చదివి, సాయంత్రం యథావిధిగా తాగుతారు.

ఏ ఘటన రాయాలి

అయిదు దూరాలకు అయిదు ఘటనలు కావాలి: రేపో ఎల్లుండో ఒకటి, వారంలో ఒకటి, నెలలో ఒకటి, మూడు నెలల్లో ఒకటి, ఏడాదికి ఒకటి. మొదట దగ్గరివి మూడూ చాలు. దూరపువి రాయడం కష్టం, అలవాటయ్యాక వస్తాయి.

ప్రతి ఘటనా అయిదు షరతులకు నిలవాలి. నిజంగా జరిగే వీలుండాలి. ఆ మనిషికి సంతోషం కలిగించాలి. తేదీ, చోటు ఉండాలి. అతనే అందులో ఉండి ఏదో ఒకటి చేస్తూ ఉండాలి. అందులో మందు ఉండకూడదు.

చివరి షరతు దగ్గరే గోదావరి జిల్లాల్లో చాలా కార్డులు చెడిపోతాయి. ఏ సంతోషం గుర్తుచేసుకున్నా పక్కన సీసా ఉంటుంది. సంక్రాంతి అనగానే పందేల బరి, బరి అనగానే మందు. రొయ్య పట్టుబడి అయిన రాత్రి పార్టీ. పెళ్లిలో మగపెళ్లివారి విడిది వెనక గది. వీటిని ఉన్నవి ఉన్నట్టు రాస్తే, మందు మానడానికి రాసిన కార్డే మందును గుర్తుచేస్తుంది. పండుగను వదిలేయమని దీని అర్థం కాదు, అందులో మందు లేని గంటను పట్టుకోవాలి. భోగి మంట దగ్గర తెల్లవారుజాము. కనుమ పొద్దున్న గారెలు నూనెలో పడుతున్న వేళ. జగ్గన్నతోట ప్రభల తీర్థానికి ప్రభ భుజానికెత్తుకున్న క్షణం, అదీ మోసేవాళ్లంతా తాగి ఉండని ఊరైతేనే. పెళ్లి అయితే కన్యాదానం, అప్పగింతలు. పట్టుబడి అయితే కాటా దగ్గర కౌంటు చూసుకుంటున్న పొద్దుటి పూట.

రెండో తప్పు, ఇతరుల చేతిలో ఉన్నదాన్ని రాయడం. రొయ్య రేటు పెరగడం, కువైట్ వీసా రావడం, పందెంలో గెలవడం లాంటివి రాస్తే, అవి జరగనప్పుడు కార్డు మీద నమ్మకం పోతుంది, దానితోపాటు పట్టుదలా పోతుంది. కువైట్‌లో ఉన్న భార్యతో శుక్రవారం సాయంత్రం వీడియో కాల్ మాట్లాడటం రాయవచ్చు, అది ఎలాగూ జరుగుతుంది. ఏడాది దూరానికి ఏమీ తోచకపోతే పంచాంగం, పిల్లల బడి, పంట చూసుకోండి: మనవడికి అక్షరాభ్యాసం, కూతురి పదో తరగతి రిజల్టు, దాళ్వా నాట్లు. పుష్కరాలు గోదావరికి 12 ఏళ్లకోసారి వస్తాయి, 2015 తర్వాత 2027. చుట్టాలంతా దిగే ఆ రోజులు, కోటిపల్లిలోనో రాజమండ్రిలోనో తల్లికి చేయిపట్టి మెట్లు దించుతున్న దృశ్యం, చాలామందికి సులభంగా కళ్లకు కడుతుంది.

భయపెట్టే దృశ్యాలు రాయొద్దు. "ఇలాగే తాగితే మంచం పడతాను, పిల్లలు అడుక్కుంటారు" అని రాయడం మన పెద్దలకు ఇష్టం, కానీ చెడు ఊహలు ఇచ్చినప్పుడు మనుషులు ఆగడం కన్నా ఇప్పుడే కావాలనడం పెరిగిన ప్రయోగాలు ఉన్నాయి. దిగులుగా ఉన్న మనిషి దిగులు పోగొట్టుకోవడానికే సీసా దగ్గరికి వెళ్తాడు, ఆ దిగులును మనమే రాసిచ్చినట్టవుతుంది.

రాయడం

కార్డు మొదట మాటల్లో వస్తుంది, తర్వాత కాగితం మీదికి. పక్కన ఒకరు కూర్చుని అడిగితే బాగా వస్తుంది. ఆశ కార్యకర్త గానీ, బావమరిది గానీ, ఎవరైనా సరే, సలహా ఇవ్వని మనిషి అయి ఉండాలి. ఆశ కార్యకర్త అడిగేది ఇలా ఉంటుంది:

"వచ్చే నెల్లో మీకు బాగుంటుందనిపించేది ఏవుంది అన్నయ్యా?"

"ఏవుంటాదమ్మా. అంతర్వేది తీర్థానికి ఎల్తాం."

"ఎవరెవరు ఎల్తారు?"

"నేనూ, మా ఇంటావిడా. మనవరాలు కూడా వత్తానంది."

"ఎలా ఎల్తారండి?"

"నరసాపురం దాకా బస్సు, అక్కణ్ణించి గోదారి దాటడానికి పంటు."

"పంటు మీద పాప ఎక్కడుంటాది?"

"నా బుజం మీదే. దింపితే ఏడుత్తాది."

"మీ చేతిలో ఏవుంటాది?"

"టీ గ్లాసు."

"తీర్థానికి వెళ్తాం" అన్నంతసేపు అది ఒక ప్రణాళిక. "పాప ఎక్కడుంటుంది" అన్న ప్రశ్నతో అది కంటికి కనిపించడం మొదలైంది. అడిగేవాళ్ల పనల్లా ఇదే: ఎక్కడ, ఎటువైపు, ఏ చేతిలో, ఏ వాసన, ఎవరు ఏమన్నారు. "అప్పుడు మీకు ఎలా అనిపిస్తుంది" అన్నది చివర్న ఒకసారి అడగాలి, ముందే అడిగితే "బాగుంటుంది" అని ముగించేస్తారు.

అలా వచ్చిన మాటలను ఇప్పుడు జరుగుతున్నట్టుగా, "నేను" అంటూ, పది లోపు చిన్న వాక్యాల్లో రాయాలి. "ఉంటాను, వెళ్తాను" అని రాస్తే మళ్లీ దూరమైపోతుంది. పై మాటల కార్డు ఇది:

"భీష్మ ఏకాదశి. పొద్దున్న ఏడున్నర. నరసాపురం రేవులో పంటు కదిలింది. మనవరాలు నా ఎడమ బుజం మీద ఉంది, నా జుట్టు పట్టుకుంది. డీజిలు వాసన, మధ్యమధ్యలో గోదారి గాలి. కుడిచేతిలో టీ గ్లాసు, చుక్క ఒలకలేదు. సఖినేటిపల్లి గట్టు దగ్గరవుతోంది. 'తాతా, రథం ఎంత పొడుగుంటాది' అంటోంది. మా ఆవిడ మా ఇద్దర్నీ చూసి నవ్వుతోంది. నాకు గుండె నిండుగా ఉంది."

దీన్ని చాలామంది మొదటిసారి రాసే కార్డుతో పోల్చి చూడండి: "మందు మానేసి కుటుంబంతో సంతోషంగా ఉంటాను, అప్పులు తీర్చేస్తాను." ఇందులో చూడడానికి ఏమీ లేదు. పైగా మొదటి మాటే మందు. కార్డులో ఆ మాట రానే కూడదు, మానేశానని కూడా రాయొద్దు. వణుకు లేదని చెప్పాలంటే "టీ చుక్క ఒలకలేదు" అంటే సరిపోతుంది. "గుండె నిండుగా ఉంది" లాంటి ఒక్క వాక్యం చివర్లో ఉంటే చాలు, అంతకంటే ఉపన్యాసం వద్దు.

రేపటి కార్డు ఇంకా చిన్నది. చెరువు మీద పనిచేసే మనిషికి: "పొద్దున్న అయిదున్నర. గట్టు మీద మంచు. ఏరేటర్ల మోత. చెక్ ట్రే పైకి లాగాను, మేత మొత్తం తినేశాయి. రొయ్యలు ట్రేలో ఎగురుతున్నాయి. తల తేలిగ్గా ఉంది. ఇంటికెళ్లేసరికి ఇడ్లీ ఆవిరి కనిపిస్తోంది." రేపటి కార్డు రాత్రి తాగితే పొద్దున్న పోగొట్టుకునేదాన్నే చూపించాలి, అందుకే అది పొద్దుటి పూటదే అయితే మేలు.

రాశాక ప్రతి కార్డుకూ ఆ మనిషి చేతే నాలుగు మార్కులు వేయించండి, ఒక్కోదానికి 1 నుంచి 5: ఎంత స్పష్టంగా కనిపిస్తోంది, ఎంత ఇష్టం, ఎంత ముఖ్యం, జరిగే అవకాశం ఎంత. మూడు దాటనిది ఏదైనా ఉంటే ఆ కార్డు పక్కన పెట్టి వేరే ఘటన వెతకండి. మొహమాటానికి అన్నీ అయిదులు వేసేవాళ్లు ఉంటారు. అలాంటప్పుడు కళ్లు మూసుకుని ఆ దృశ్యం చెప్పమనండి. కాగితంలో లేని ఒక్క సంగతైనా వాళ్ల నోట కొత్తగా వస్తే ఆ కార్డు బతికుందన్నమాట.

చదువు రానివాళ్లకు, కళ్లజోడు లేనివాళ్లకు, ఆమాటకొస్తే అందరికీ కూడా, గొంతు రికార్డు మంచిది. తన గొంతుతో, తాపీగా, అర నిమిషం నుంచి నిమిషం. వాట్సాప్‌లో తనకు తనే పంపుకుంటే వెతుక్కోవక్కర్లేదు. కీప్యాడ్ ఫోన్లలోనూ చాలావాటిలో రికార్డర్ ఉంటుంది. పక్కవాళ్లు వింటారని సిగ్గుపడితే ఇయర్‌ఫోన్లు. కాగితమే కావాలంటే చొక్కా జేబులో పట్టే అట్టముక్క, పైన పారదర్శకమైన టేపు: చెమటకీ వానకీ రెండు రోజుల్లో నానిపోకుండా.

ఎప్పుడు, ఎలా

రోజుకు రెండుసార్లు తప్పనిసరి. పొద్దున్న లేవగానే ఒకటి, అది అలవాటు కోసం. రెండోది చీటీలో తేలిన వేళకు అరగంట ముందు, అసలు పని చేసేది ఇదే. సాయంత్రం ఆరుకి తాగే మనిషి అయిదున్నరకు ఫోన్లో అలారం పెట్టుకోవాలి. మూడోది, మధ్యలో ఎప్పుడు కోరిక లేచినా.

కూర్చోండి. కార్డు ఒకసారి చదవండి లేదా వినండి. కళ్లు మూసుకుని నిమిషంపాటు అందులో ఉండండి. ముందు కంటికి కనిపించేది, తర్వాత చెవికి వినిపించేది, తర్వాత వాసన, చేతికి తగిలేది. మనసు వేరేచోటికి పోతే పోనివ్వండి, మళ్లీ కార్డులోని ఒక వస్తువు దగ్గరికి తెచ్చుకోండి, గ్లాసో జుట్టో. తర్వాత ఇంకో కార్డు. రెండు చాలు, అయిదూ ఒకేసారి చదివితే పాఠం అప్పజెప్పినట్టు అయిపోతుంది. బండి నడుపుతూ, నడుస్తూ వినొద్దు.

ఆ తర్వాత ఇరవై నిమిషాలు చేతికి పని పెట్టండి. కోరిక అలలాగా లేస్తుంది, దాని మానాన వదిలేస్తే చాలామందికి అరగంటలోపు తగ్గుతుంది. ఆ ఇరవై నిమిషాల పని ముందుగానే అనుకుని ఉంచాలి: స్నానం, పశువులకు మేత, పిల్లాడి చేత లెక్కలు చేయించడం, కడుపు నిండా తినడం. ఆకలి మీద కోరిక రెండింతలు. డబ్బు అప్పటికే జేబులో ఉంటే దాన్ని ఇంట్లో ఇచ్చేసి రావడం ఆ పనుల్లో మొదటిది. 99 రూపాయల క్వార్టర్ రోజుకొకటి లెక్కేసినా ఏడాదికి 36,135 రూపాయలు. ఆ రోజు తాగకపోతే ఆ 99 ఒక డబ్బాలో పడాలి, ఆ డబ్బా మీద నెల కార్డులోని ఘటన పేరు రాసి ఉండాలి. తీర్థానికి పాపకు కొనబోయే బొమ్మ అందులోంచే కొనాలి.

మొదటి గుక్క పడ్డాక కార్డు తీయడం దండగ. మందు ముందుచూపునే మసకబారుస్తుంది, పనిముట్టు పట్టుకునే చెయ్యే ఉండదు.

పని చేస్తోందా లేదా

దీనికి ఒక చిన్న పరీక్ష ఉంది. "ఇప్పుడే 500 కావాలా, నెల ఆగితే 1,000 కావాలా?" అని అడగండి. డబ్బు నిజంగా ఇవ్వక్కర్లేదు. ఇప్పుడే అంటే "ఇప్పుడు 250, నెలకు 1,000" అని దించండి. ఆగుతానంటే "ఇప్పుడు 750, నెలకు 1,000" అని పెంచండి. మూడోసారి అందులో సగం తేడాతో, అంటే 125 అటో ఇటో. ఎక్కడ మాట మారిందో ఆ అంకె రాసుకోండి. ఇంకో రోజు నెల కార్డు చదివించి వెంటనే అవే ప్రశ్నలు అడగండి. ఇప్పటి డబ్బు ఎక్కువ ఇస్తే గానీ ఒప్పుకోనంటే, కార్డు ముందుచూపును పెంచిందన్నమాట. అంకె కదలకపోతే కార్డు బలహీనంగా ఉంది. ఇక్కడ కార్డు దూరం, ప్రశ్నలోని దూరం ఒకటే ఉండాలి, ఏడాది కార్డు చదివించి నెల ప్రశ్న అడగొద్దు.

కానీ చివరికి లెక్క చీటీదే. వారానికి మొత్తం ఎన్ని యూనిట్లు, ఎన్ని రోజులు చుక్క ముట్టలేదు. ఈ రెండు అంకెలూ గోడ క్యాలెండర్ మీద వారానికోసారి రాస్తే చాలు. మూడు వారాలైనా రెండూ కదలకపోతే కార్డులు తిరగరాయడంతోపాటు డాక్టరును కలవాలి. నాల్ట్రెక్సోన్, అకాంప్రోసేట్ లాంటి మందులు కోరికను, మళ్లీ మొదలెట్టడాన్ని తగ్గిస్తాయి, వాటితోపాటు కార్డులూ వాడవచ్చు.

తేడా కొట్టే చోట్లు

కార్డు పాతబడుతుంది. రోజూ అదే వింటే పది రోజులకే చెవికి పట్టదు. ఆదివారం ఆదివారం ఒక్క కార్డన్నా మార్చాలి, కనీసం ఒక వాక్యం. తేదీ దాటిన కార్డును తీసేసి, ఆ ఘటన నిజంగా ఎలా జరిగిందో వెనక రెండు ముక్కలు రాసి దాచండి. తర్వాత కొత్త కార్డు రాయడానికి ఆ ముక్కలే ఊతం.

కొందరికి ఏమీ కనిపించదు. "ముందేముందండీ, అంతా అప్పే" అంటారు. చెరువు వైరస్‌కు పోయినవాళ్లు, తుపానుకు పంట పడిపోయినవాళ్లు ఇలా అనడం సహజం. చాలా ఏళ్లుగా ఎక్కువగా తాగినవాళ్లకు ఊహాశక్తి కూడా మందగిస్తుంది. వీళ్లకు ఏడాది, మూడు నెలల కార్డులు వద్దు. రేపటి కార్డు ఒక్కటే, ఫోన్లోని పాత ఫొటో ముందు పెట్టుకుని. ఎన్నిసార్లు అడిగినా ఏమీ తోచకపోవడం, నిద్ర లేకపోవడం, "నేనుండి ఏం లాభం" లాంటి మాట రావడం డిప్రెషన్ గుర్తులు కావచ్చు. అక్కడితో కార్డులు ఆపి 14416కి ఫోన్ చేయాలి, మనిషిని ఒంటరిగా వదలకూడదు, పురుగుమందు డబ్బాలు ఇంట్లోంచి తీసేయాలి.

చనిపోయినవాళ్లో, విడిచి వెళ్లినవాళ్లో ఉన్న ఘటనలు తీపిగా మొదలై దుఃఖంలో దిగుతాయి. చదివాక గుండె బరువెక్కిందంటే ఆ కార్డు ఎంత బాగా రాసినా పనికిరాదు.

ఇంట్లోవాళ్లు చెడగొట్టే తీరు ఒకటుంది. "కార్డు చదివావా? చదివి కూడా తాగొచ్చావా?" అని నలుగురిలో అనడం. ఆ మాటతో కార్డు పోలీసు సమన్ల లాంటిది అవుతుంది, మరునాటి నుంచి దాన్ని ముట్టుకోడు. భార్యకు గానీ అమ్మకు గానీ చేయగలిగిన మేలు, కార్డులో ఉన్న ఘటనను నిజం చేయడం: తీర్థానికి టిక్కెట్ డబ్బు పక్కన పెట్టడం, మనవరాలిని పిలిపించడం. అడగదలిస్తే "పంటు ఎన్నింటికి?" అని అడగండి. కూరలో డైసల్ఫిరామ్ మాత్ర కలిపి పెట్టడం మాత్రం ఎట్టి పరిస్థితుల్లోనూ వద్దు. తెలియకుండా ఆ మాత్ర కడుపులో ఉండగా తాగితే బీపీ పడిపోయి, గుండెకు ముప్పు వచ్చి ప్రాణం పోవచ్చు. అది డాక్టరు చెప్పి, ఆ మనిషి ఒప్పుకుని వేసుకునే మందు.

తాగేశాడనుకోండి. మరునాడు పొద్దున్న రేపటి కార్డు మామూలుగానే చదవాలి, క్షమాపణలేమీ అక్కర్లేదు. చీటీలో ఒక్క ప్రశ్నకు జవాబు రాయాలి: వేళకు ముందు కార్డు తీశాడా? తీయకపోతే అలారం మార్చాలి. తీసీ తాగితే కార్డు మార్చాలి. వరసగా మూడు సాయంత్రాలు తీసి కూడా తాగితే ఆ చోటే మార్చాలి, ఆ వేళకు బెల్టు షాపు దారిన కాకుండా వేరే గట్టున ఇంటికి రావాలి.

మాల వేసినప్పుడు

మన వైపు ఎంతోమంది ఏడాదిలో 41 రోజులు అయ్యప్ప దీక్షలో మందు ముట్టరు. రోజూ గట్టిగా తాగే మనిషి మాల వేసుకునే ముందు డాక్టరును కలిసి తీరాలి, పైన చెప్పిన ఫిట్స్ దీక్షలో ఉన్నవాళ్లకూ వస్తాయి. ఆ గండం దాటితే కార్డులు రాయడానికి దీక్షా కాలం లాంటిది దొరకదు. తల తేలిగ్గా ఉంటుంది, తెల్లవారుజామునే లేస్తాడు, ఊహ స్పష్టంగా వస్తుంది.

ప్రమాదమంతా మాల తీసిన సాయంత్రానిదే. శబరిమల నుంచి తిరిగొచ్చే రైల్లోనే మొదలెట్టే బ్యాచ్‌లూ ఉంటాయి. అందుకని 30వ రోజుకల్లా మూడు కార్డులు తయారుండాలి: మాల తీసిన మరునాటి పొద్దున్నది ఒకటి, ఆ వారంలోది ఒకటి, నెలలోది ఒకటి. 30 నుంచి 41 దాకా రోజూ చదవాలి. మాల తీసే రోజు అలారం రెండు పెట్టుకోవాలి, గుడి నుంచి బయల్దేరే వేళకు ఒకటి, సాయంత్రం పాత వేళకు అరగంట ముందు ఒకటి. ఆ పూట భోజనం ఎవరింట్లో, ఎవరెవరు వస్తారో ముందే ఖాయం చేసుకోండి. బ్యాచ్‌లో ఎవరైనా పిలిస్తే చెప్పాల్సిన మాట కూడా అనుకునుండాలి, చిన్నదిగా: "రేపు పొద్దున్న పనుంది బావా." ఆ పని ఏమిటో మొదటి కార్డులో రాసే ఉంటుంది.